ఒకే చోట రెండు రాతలు

దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 9, ఆదివారం.

అన్నయ్యకు,

నమస్కారం. అమ్మకు బీపీ అదుపులోనే ఉంది, నాకు జలుబు తగ్గింది. ఒంటికి సంబంధించినంత వరకు ఇద్దరం బాగానే ఉన్నాం. బెంగళూరులో నువ్వు, వదిన కూడా అలాగే ఉండి ఉంటారు. మర్యాద ఇక్కడితో సరి.

నేను ఫోన్ ఎత్తడం లేదని నువ్వు కొరియర్‌లో పంపిన ఉత్తరం సోమవారం అందింది. రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో ద్రోహం అన్న మాట ఆరుసార్లు వాడావు. అండాలమ్మ పేరు మాత్రం ఒక్కసారి కూడా రాయలేదు. కాబట్టి ముందు ఆవిడ గురించే రాస్తాను. నీకు తెలిసిందే అయినా మళ్ళీ చదువు.

ఆవిడది హయత్‌నగర్. యాభై ఆరేళ్ళు. కిడ్నీలు సరిగా పనిచేయక వారం వారం రక్తపరీక్షకు ఎల్.బి.నగర్‌లోని సెంటర్‌కు వచ్చేది. మే నెలలో ఒక మంగళవారం ఉదయం ఆవిడ రక్తంలో పొటాషియం ఏడు దాటి ఉంది. ఉండాల్సింది మూడున్నరకూ ఐదుకూ మధ్య. ఏడంటే గుండె ఏ నిమిషమైనా ఆగవచ్చు, ఆ పూటే ఆస్పత్రిలో చేర్చుకోవాలి. ఆ సెంటర్‌కు నీ కంపెనీ అమ్మిన ప్రోగ్రామ్ అచ్చువేసిన కాగితం మీద నాలుగు పాయింట్ రెండు అని వచ్చింది. డాక్టరు అది చూసి, బాగుందమ్మా, వచ్చే వారం రా అన్నాడు. ఆవిడ ఇంటికి వెళ్ళి వంట చేసింది. మర్నాడు పొద్దున నీళ్ళు పట్టుకుంటూ పడిపోయింది. ఆస్పత్రికి తీసుకువెళ్తుంటే హైవే మీదే ప్రాణం పోయింది.

ఆ నాలుగు పాయింట్ రెండు, నాగోల్‌లో ఆటో నడుపుకునే జగన్ అనే అతనిది. అదే సమయానికి పక్క మిషన్‌లో అతని రక్తం ఉంది. అతని పేరు కింద ఏ ఫలితమూ రాలేదని, మళ్ళీ రక్తం ఇవ్వమని పిలిపించారు. అండాలమ్మ పోయాక సెంటర్ వాళ్ళు ఫ్రిజ్‌లో మిగిలిన ట్యూబులు తీసి మళ్ళీ పరీక్ష చేస్తే అసలు సంగతి బయటపడింది.

నువ్వు ఒక్క వారంలో విచారణ ముగించావు. టెక్నీషియన్ నాగేశ్వరి అండాలమ్మ లేబుల్‌ను రెండుసార్లు స్కాన్ చేసిందనీ, అందుకే రెండు రక్తాలూ ఒకే పేరు కింద పడ్డాయనీ రిపోర్టు రాశావు. అక్కడితో ఆగినా సరిపోయేది. సరూర్‌నగర్‌లో అద్దె ఇంట్లో ఉండే ఆ మనిషి ఎనిమిదేళ్ళ ఉద్యోగం ఊడింది. పోలీస్ స్టేషన్‌లో నిర్లక్ష్యం కింద కేసు పడింది. అండాలమ్మ భర్త బాల్‌రాజ్ నలుగురిని వెంటేసుకుని వెళ్ళి ఆమె గుమ్మం ముందు వీధంతా వినేలా తిట్టాడు. ఆ సాయంత్రమే ఇంటి ఓనరు మూడు నెలల్లో ఖాళీ చేయమన్నాడు.

ఆ రిపోర్టు కింద సంతకం ఎందుకు పెట్టావని నువ్వు అడగవు, ఎందుకంటే పెట్టించింది నువ్వే. కాలేజీలో నేను పదకొండేళ్ళుగా బోధిస్తున్నది ఇదే సబ్జెక్టని నీకు తెలుసు. ఒకే మెమరీని పంచుకుంటూ ఏకకాలంలో నడిచే ప్రోగ్రాములు ఎలా ప్రవర్తిస్తాయి, ఎక్కడ ఒకదాని పనిని ఇంకొకటి చెడగొడుతుంది, దాన్ని ఎలా కనిపెట్టాలి. డాక్టరేట్ ఉన్న చెల్లెలి సంతకం నీకు పనికొచ్చింది. రెండు రోజులు నీ ప్రోగ్రామ్‌ను వెయ్యిసార్లు నడిపాను. తప్పు ఒక్కసారి కూడా రాలేదు. ఇంకా చూడాలి అంటే నువ్వన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"కనిపించిందా లేదా, అంతే చెప్పు. కనిపించలేదుగా? అదే రాయి."

అదే రాశాను. వెయ్యిసార్లు బాగా నడిచిందంటే ఏమీ రుజువు కానట్టేనని ఏటా మొదటి క్లాసులో చెప్పే మనిషిని, వెయ్యిసార్లు నడిపాను, లోపం కనిపించలేదు అని రాసి సంతకం పెట్టాను.

ఎవరు రెచ్చగొట్టారు అన్నది నీ మొదటి ప్రశ్న. ఎవరూ రెచ్చగొట్టలేదు. జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం నాగేశ్వరి మన ఇంటికి వచ్చింది. రిపోర్టు కింద నా పేరు, కాలేజీ పేరు చూసి, కాలేజీకి వెళ్ళి అడ్రసు కనుక్కుని వచ్చింది. అమ్మ మంచినీళ్ళు ఇస్తే పుచ్చుకోలేదు. నిలబడే మాట్లాడింది.

"ఒకటే లేబుల్ రెండోసారి స్కాన్ జేస్తే మీ స్క్రీనే ఊకోదు మేడమ్. ఎర్రగ అడుగుతది, ఇది ముందే ఎక్కింది అని. ఆ రోజు అడగలే. మీరు గా సంగతి చూసిన్రా, చూడకుంటనే సంతకం వెట్టిన్రా?"

చూడలేదు అన్నాను. ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నేను ఆ సోమవారం నుంచి సెలవు పెట్టాను.

ఏం చేశానో నీకు అర్థమయ్యేలా రాస్తాను. నీ ఉత్తరంలో దాన్ని గారడీ అన్నావు కాబట్టి రాయక తప్పదు. మిషన్ ఒక ఫలితం పంపగానే నీ ప్రోగ్రామ్ ముందు ఆ పేషెంటు నంబరును మెమరీలో ఒక చోట రాస్తుంది. తర్వాత ఆ చోట ఉన్న నంబరు చూసి, ఆ పేరు కింద ఫలితాన్ని భద్రపరుస్తుంది. సెంటర్‌లో మిషన్లు రెండు. వాటి ఫలితాలు అందుకోవడానికి ప్రోగ్రామ్‌లో రెండు థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే రెండు పనులు. రెండూ నంబరు రాసుకునే చోటు ఒక్కటే. ఒకటి నంబరు రాసి, ఫలితం దాచేలోపు రెండోది వచ్చి అదే చోట తన నంబరు రాస్తే, మొదటి వాళ్ళ ఫలితం రెండో వాళ్ళ పేరు మీద పడి, వాళ్ళ అసలు ఫలితాన్ని చెరిపేస్తుంది. మొదటి వాళ్ళ పేరు కింద ఖాళీ.

రాయడానికీ దాచడానికీ మధ్య సందు సెకనులో లక్షో వంతు. అందుకే వెయ్యిసార్లలో కనిపించలేదు. ఏ క్షణంలో ఏం జరుగుతోందో ప్రోగ్రామ్ చేత రాయిస్తూ నడిపితే రెండు థ్రెడ్లూ నిదానించి, ఒకదాని వెనుక ఒకటి బుద్ధిగా నడిచాయి. నువ్వు రిపోర్టులో, వారం రోజులు లాగ్ పెట్టి గమనించాం అని గొప్పగా రాసింది దాని గురించే. గమనించడం వల్లే తప్పు దాక్కుంది.

కాబట్టి తప్పు జరిగేదాకా కాచుకుని కూర్చోవడం మానేశాను. ఒక్కో థ్రెడ్ మెమరీలో ఏ చోటును ముట్టుకుంది, ముట్టుకునేటప్పుడు చేతిలో ఏ లాక్ ఉంది అన్నది మాత్రం పట్టిక తీశాను. ఇద్దరూ ముట్టుకునే ప్రతి చోటుకూ ఒక లాక్ ఉండాలి, అది ఒకరి దగ్గర ఉంటే ఇంకొకరు ఆగాలి. నీ ప్రోగ్రామ్‌లో ఇద్దరూ ముట్టుకునే చోట్లు ముప్పై తొమ్మిది. ముప్పై ఎనిమిదింటికి లాక్ ఉంది. పేషెంటు నంబరుకు లేదు. ఆ రోజు తప్పు జరగకపోయినా పట్టికలో అది కనిపిస్తూనే ఉంటుంది.

నీకు ఫోన్ చేసి చెప్పాను. జరిగినట్టు చూపించలేవు, జరగవచ్చు అంటున్నావు, ఈ లెక్కన ఏదైనా జరగవచ్చు అన్నావు. సరే అని ఆ సందులో అరసెకను ఆలస్యం పెట్టి నడిపాను. నడిపిన ప్రతిసారీ తప్పు వచ్చింది. అదీ చెప్పాను.

"ఆ అరసెకను నువ్వు పెట్టావు. నా ప్రోగ్రామ్‌లో లేదు," అన్నావు.

నీ ప్రోగ్రామ్‌లో లేదు, నిజమే. కంప్యూటర్ తనకు వేరే పని పడినప్పుడు ఏ థ్రెడ్‌నైనా ఎక్కడైనా ఆపుతుంది, అది నీకు నేను నేర్పనక్కర్లేదు. ఆ మంగళవారం సరిగ్గా ఆ నిమిషంలో సెంటర్ కంప్యూటర్‌లో బ్యాకప్ నడుస్తోంది. రికార్డులో ఉంది. నువ్వు ఆ రికార్డు తెరవనే లేదు. ఈ సంగతి ఇంట్లోనే ఉంచు, వచ్చే నెల అప్‌డేట్‌లో సరిచేసేస్తాం అన్నావు. అప్పటిదాకా నాగేశ్వరి సంగతేమిటని అడిగితే, ఆమెకు ఇంకో చోట ఉద్యోగం దొరుకుతుందిలే అన్నావు. ఫోన్ ఎత్తడం నేను మానేసింది ఆ మాట తర్వాతే.

ఇక కమిటీ ముందు నీ పరువు తీశానన్న ఆరోపణ. సెంటర్ వాళ్ళు వేసిన కమిటీకి నేనే రాసి, నా పాత సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. జులై చివర్లో పిలిచారు. అధ్యక్షుడు మల్లికార్జునరావు గారు, రిటైరైన డాక్టరు. నిన్నూ పిలిచారు, నువ్వు నీ లాయరును పంపావు. బ్యాకప్ రికార్డు ముందు పెట్టి, రెండు ఉత్తుత్తి పేర్లతో, అదే అరసెకను ఆలస్యంతో రెండు మిషన్లూ నడిపి చూపించాం. ట్యూబులు ఎక్కించింది నాగేశ్వరే. ప్రతి లేబుల్ పైకి చదివి మరీ ఎక్కించింది. స్క్రీన్ మీద ఒక పేరు ఎదురుగా రెండోవాళ్ళ అంకె వచ్చింది, రెండో పేరు ఎదురుగా ఏమీ రాలేదు. నీ లాయరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

అప్పుడు మల్లికార్జునరావు గారు ఆమెను, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా ఫలితం ఖాళీగా వచ్చిందా అని అడిగారు.

"మూడుసార్లు సర్," అంది నాగేశ్వరి. "మూడుసార్లు కంపెనీకి కంప్లయింట్ వెట్టిన. మళ్ళ చేసి చూసినం, మంచిగనే ఒస్తున్నది అని రాసి బంద్ చేసిన్రు."

నేను చేసిన విశ్లేషణలో కూడా ఆ కోణం చూడలేదు. ఒక పేరు కింద ఫలితం ఖాళీగా ఉందంటే అది ఎక్కడికీ మాయం కాలేదు, ఇంకెవరి పేరు మీదో కూర్చుంది. మూడు ఖాళీలంటే ముగ్గురు మనుషులు తమవి కాని అంకెలతో ఇంటికి వెళ్ళారు. వాళ్ళెవరో, బతికున్నారో లేదో ఎవరికీ తెలియదు. ఆ మూడు ఫిర్యాదులనూ మూసేసింది నువ్వు, అన్నయ్యా. మీ కంపెనీ కాగితాల్లోనే నీ పేరుంది. మూడోదాని కింద, ఈ టెక్నీషియన్‌కు శిక్షణ అవసరం అని కూడా రాశావు.

కమిటీ అదే రోజు నాగేశ్వరి మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. అన్ని సెంటర్లలోనూ నీ ప్రోగ్రామ్ ఆపించింది. దీన్ని నువ్వు ద్రోహం అంటున్నావు. ఇంకో వంద ఉత్తరాలు రాసినా నేను ఆ మాట ఒప్పుకోను.

అమ్మ ఎలా ఉందని అడిగావు. నాతో మాట్లాడటం లేదు. కమిటీ నుంచి రాగానే, "వాడి పేరు పదిమందిలో చదివించి వచ్చావుటే?" అంది. ఆ తర్వాత పన్నెండు రోజులుగా కంచం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోతోంది. నేను తిని, నా కంచం కడుక్కుంటున్నాను.

అమ్మ అన్నది ఊరికే కాదు. కమిటీలో బయటి నుంచి వచ్చిన ఇంజనీరు, నంబరుకు లాక్ ఎప్పుడు పోయిందో చూద్దామని ప్రోగ్రామ్ పాత మార్పుల చరిత్ర తెరిచాడు. ఏడేళ్ళ కిందట మొదట్లో లాక్ ఉంది. ఒక మార్పుతో తీసేశారు. తీసేసిన వాళ్ళ పేరు అతను పైకి చదివాడు. నీ పేరు, వంశీకృష్ణ.

నీ ఉత్తరం చివరి పేజీలో దాని గురించి ఒక ప్రశ్న ఉంది. మిగతా ఉత్తరమంతా అరుపులే, అక్కడ మాత్రం నీ గొంతు తగ్గింది. ఆ లైను నేను తీసినట్టు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు, నీ పరిశోధనలో ఏమైనా తేలిందా అని రాశావు. దానికి జవాబు రాయడానికే ఇంత కాగితం ఖర్చు చేశాను.

నీకు గుర్తు రాదు. తీసింది నేను.

ఏడేళ్ళ కిందటి వేసవి సెలవులు. నువ్వు కంపెనీ కొత్తగా పెట్టి, చైతన్యపురి గదిలో ఒక్కడివే కష్టపడుతున్నావు. స్క్రీన్ మాటిమాటికీ బిగుసుకుపోతోందని, జ్వరంతో పడుకుని నన్ను చూడమన్నావు. నీ లాప్‌టాప్ మీద, నీ పేరుతో లాగిన్ అయి ఉన్నప్పుడే చూశాను. ఆ లాక్ దగ్గర ఆగిపోతోంది. అప్పుడు సెంటర్‌లో మిషన్ ఒక్కటే, థ్రెడ్ ఒక్కటే. ఒక్కరే ముట్టుకునే చోటుకు లాక్ ఎందుకని తీసేశాను. రెండో మిషన్ పెడితే ఇది తిరిగి పెట్టాలి అని అక్కడే ఒక ముక్క రాసి ఉంచాల్సింది. రాయలేదు. నీకు చెప్పాల్సింది. స్క్రీన్ బాగైందని చెప్పి మజ్జిగ కలుపుకోవడానికి వెళ్ళిపోయాను. రెండేళ్ళకు రెండో మిషన్ వచ్చింది, మీవాళ్ళు రెండో థ్రెడ్ పెట్టారు. అక్కడ ఒకప్పుడు లాక్ ఉండేదని ఎవరికి తెలుసు?

జూన్‌లో పట్టిక తీసినప్పుడు లాక్ లేని ఆ చోటు చూడగానే నాకు గుర్తొచ్చింది. అయినా కమిటీలో నీ పేరు చదివినప్పుడు నోరు విప్పలేదు. భయం అని రాయవచ్చు, అది సగమే. నీ లాయరు తల దించుకుంటే నాకు బాగుంది. నాగేశ్వరికి ఇంకో ఉద్యోగం దొరుకుతుందిలే అన్నవాడికి కాస్త తగలనీ అనుకున్నాను. నా తప్పు నీ మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. నువ్వు నాగేశ్వరికి చేసింది నేను నీకు చేశాను. తేడా ఏమిటో ఈ పన్నెండు రోజులూ వెతికాను, నాకు దొరకలేదు.

నిన్న రెండో శనివారం. పొద్దున్నే హయత్‌నగర్ వెళ్ళాను. బాల్‌రాజ్ సిమెంటు దుకాణంలో కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పి, నా వల్ల జరిగింది, నీ వల్ల జరిగింది, రెండూ చెప్పాను. లాకులు, థ్రెడ్లు మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"మిషన్ల ముచ్చట నాకొద్దమ్మా. నేను బోయి తిట్టొచ్చిన పిల్ల ఏం జెయ్యలేదంటవ్. గంతేనా?"

అంతే అన్నాను.

"మరి నువ్వు గిన్ని దినాలు ఏడున్నవ్?"

అతను నన్ను కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు. దుకాణం షట్టరు దింపి, బండి తీసి వెళ్ళిపోయాడు. సరూర్‌నగర్‌కు వెళ్ళాడని తర్వాత తెలిసింది. నాగేశ్వరికీ చెప్పాలని నేను ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి అక్కడికి చేరేసరికి అతను నాగేశ్వరి వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆమె తలుపు తీయలేదు. అతను తలుపుకే ఏదో చెప్పి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం తీసింది. లోపల సామాను అట్టపెట్టెల్లో కట్టి ఉంది. సెంటర్ వాళ్ళు మళ్ళీ రమ్మన్నారట, పోనంది. చెప్పవలసింది చెప్పాను. గుమ్మంలోనే నిలబడి చివరిదాకా విన్నది.

"మీరు మంచోళ్ళు అనుకున్న మేడమ్," అంది. "ఇంక మా ఇంటికి రావొద్దు."

అమ్మకు ఇవాళ పొద్దున చెప్పాను. పప్పులో రాళ్ళు ఏరడం ముగించి, చేట పక్కన పెట్టింది. పన్నెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట, "వాడికి ముందు రాయి, ఆ తర్వాత అన్నం తిను."

గురువారం పదకొండు గంటలకు కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. లాక్ తీసింది వంశీకృష్ణ కాదు, నేను అని రాసి ఇస్తాను. కాలేజీకి కూడా అదే కాగితం ఇస్తాను. ఉంచుతారో తీసేస్తారో వాళ్ళ ఇష్టం. ఆ మచ్చ నీ మీద ఉండదు. దీనికి నువ్వు నాకు కృతజ్ఞతలు చెప్పనక్కర్లేదు, నేను నిన్ను క్షమాపణ కూడా అడగడం లేదు. లాక్ విషయంలో అడగాల్సింది అండాలమ్మను, ఆవిడ లేదు.

కాని ఆ మూడు ఫిర్యాదులు నావి కావు. లేబుల్ రెండుసార్లు స్కాన్ చేసిందన్న అబద్ధమూ నాది కాదు. ఆ ఖాళీలు వచ్చిన మూడు రోజుల్లో ఏయే నిమిషంలో ఎవరెవరి ఫలితాలు వచ్చాయో మొత్తం నీ సర్వర్‌లో ఉంది, ఇంకెక్కడా లేదు. ఖాళీ వచ్చిన నిమిషం పక్కన ఎవరి పేరుందో చూస్తే వాళ్ళు ముగ్గురూ ఎవరో అరగంటలో తెలుస్తుంది. లాయరును పంపకు. ఆ రికార్డులు పట్టుకుని నువ్వే రా. మన ఇంట్లో దిగవద్దు, నాతో మాట్లాడనూ వద్దు. సెంటర్‌లో టెలిఫోన్ ఉంది. కమిటీ ముందు కూర్చుని, ఆ ముగ్గురికీ నీ నోటితో నువ్వే ఫోన్ చెయ్యి. ఎవరైనా ఎత్తుతారేమో చూద్దాం.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని, నీ తోడబుట్టిన చెల్లెలు
మృదుల